బ్లూయీ, బింగోల తగాదాలు మా పిల్లలకు ఏం నేర్పుతున్నాయి?

ప్రశ్న: తెనాలి కోడలు

అందరికీ నమస్కారం. మేము మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం. మాకు ఇద్దరమ్మాయిలు. పెద్దదానికి ఆరేళ్లు, చిన్నదానికి మూడున్నర. ఇక్కడ పసిపిల్లలున్న ఇళ్లన్నింటిలోనూ వినిపించే "బ్లూయీ" ధారావాహిక మా ఇంట్లోనూ స్థిరపడిపోయింది. చూడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఇది బ్రిస్బేన్ నగరంలో నివసించే ఒక కుక్కల కుటుంబం కథ. నీలిరంగు బ్లూయీ అక్క, ఎరుపురంగు బింగో చెల్లెలు; కథ మొదలైనప్పుడు వారికి ఆరేళ్లు, నాలుగేళ్లు. తండ్రి బాండిట్ పురావస్తు శాస్త్రజ్ఞుడు, తల్లి చిల్లీ విమానాశ్రయంలో భద్రతా ఉద్యోగి. 2018 అక్టోబరు 1న ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ వారి పిల్లల ఛానెల్‌లో మొదటి కథ వచ్చింది. ఒక్కో కథ ఏడు నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది.

నా సందేహం ఆ అక్కాచెల్లెళ్ల తగాదాల గురించి. మొదటి కథ "మ్యాజిక్ జైలోఫోన్"లో ఒక వాయిద్యాన్ని మోగించగానే తండ్రి ఎక్కడివాడక్కడ బిగుసుకుపోతాడు. దాన్ని మోగించే వంతు ఎవరిదన్నదే ఇద్దరి మధ్య గొడవ. మా పెద్దది ఆ కథలోనుంచి వంతులను వదిలేసి, బిగుసుకుపోవడాన్ని మాత్రం పట్టుకుంది. స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టి చెల్లెల్ని కదలవద్దంటుంది, కదిలితే తొండి అంటుంది, తీరా చెల్లెలి వంతు వచ్చేసరికి ఆట మార్చేస్తుంది. చిన్నది ఏడుపు అందుకుంటుంది. చేతిలో పని వదిలేసి నేను తీర్పు చెప్పడానికి రావాలి.

తెనాలి నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అత్తయ్యగారి అభ్యంతరం వేరు. కన్నతండ్రిని పిల్లలు అలా నేలమీద దొర్లించి ఆడించడమేమిటని, అది చూసి మన పిల్లలు కూడా ఆఫీసు పనిలో ఉన్న తండ్రి మీదకు ఎక్కుతున్నారని, ఆ తల్లిదండ్రులు ఒక్కసారైనా గట్టిగా కసరరేమిటని ఆవిడ అంటున్నారు. మావారేమో నవ్వి ఊరుకుంటారు.

ఈ వయసు పిల్లలు ఒక కథ చూసినప్పుడు అందులోని గొడవను నేర్చుకుంటారా, ఆ గొడవ తీరిన పద్ధతిని నేర్చుకుంటారా? ధారావాహికను పూర్తిగా మాన్పించే ఉద్దేశం నాకు లేదు. అయితే ఇద్దరి వయసులకూ సరిపడే కథలను ఎంచుకుని చూపించడం సాధ్యమేనా అన్నది అనుభవమున్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.


జవాబు: పలక బలపం

నమస్కారమండీ. నేను బ్రిస్బేన్‌లో ఒక శిశు సంరక్షణ కేంద్రంలో పనిచేస్తున్నాను. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు బ్లూయీ ఆటలను ఆడటం రోజూ చూస్తుంటాను కనుక, మీ పళ్లెం, గరిటె నాకు కొత్త కాదు.

మీ ప్రశ్నకు నా జవాబు కొంచెం చేదుగా ఉండవచ్చు. మూడున్నరేళ్ల పిల్లకు గొడవ స్పష్టంగా కనిపిస్తుంది, రాజీ దాదాపు కనిపించదు. గొడవలో అరుపులుంటాయి, లాగులాట ఉంటుంది, ముఖాలు మారిపోతాయి. రాజీ మాత్రం ఒక చిన్న చూపులోనో, తగ్గిన గొంతులోనో జరిగిపోతుంది. పైగా ఈ ధారావాహికలో చివర పాఠం చెప్పే పెద్దమనిషి ఎవరూ ఉండరు. ఇది పెద్దవాళ్లకు నచ్చే గుణం, పిల్లలకు అడ్డు వచ్చే గుణం కూడా. అందువల్ల పక్కన కూర్చుని "ఇప్పుడు బింగో ఎందుకు వెళ్లిపోయింది?" అని ఒక్క ప్రశ్న అడిగేవారు ఉంటే కథ పూర్తిగా చేరుతుంది, లేకపోతే సగమే చేరుతుంది.

మీ పెద్దమ్మాయి కోసం నేను చెప్పే మొదటి కథ "గ్రానీస్". అక్కాచెల్లెళ్లిద్దరూ శాలువాలు, కళ్లద్దాలు పెట్టుకుని జానెట్, రీటా అనే ముసలమ్మలుగా ఆడుతుంటారు. రీటా వేషంలోని బింగో, ఇక్కడి పిల్లలందరూ ఒకప్పుడు పిచ్చిగా వేసిన ఫ్లాస్ అనే డాన్సు మొదలుపెడుతుంది. ముసలమ్మలకు ఆ డాన్సు రాదని బ్లూయీ, వస్తుందని బింగో వాదించుకుంటారు. తేల్చుకోవడానికి అసలు నాయనమ్మకే వీడియో కాల్ చేస్తే ఆవిడకు నిజంగానే రాదు. బ్లూయీ గెలుస్తుంది, బింగో ముఖం చిన్నబోతుంది, ఆట ఆగిపోతుంది. అప్పుడు తల్లి బ్లూయీని తిట్టదు, చెల్లెలికి క్షమాపణ చెప్పమనదు. నీ మాటే నిజమని అనిపించుకోవడం కావాలా, చెల్లెలు నీతో ఆడుతూ ఉండటం కావాలా అని మాత్రం అడుగుతుంది. బ్లూయీ ఆలోచించుకుని, నాయనమ్మకు ఫోనులోనే ఆ డాన్సు నేర్పిస్తుంది. అంటే తన వాదం తప్పని ఒప్పుకోకుండానే, చెల్లెలి మాట నిజమయ్యేలా లోకాన్ని కొంచెం మార్చింది. ఆరేళ్ల పిల్లకు ఇంతకన్నా గౌరవప్రదమైన దారి ఎవరు చూపగలరు? మీరు తీర్పు చెప్పడానికి వచ్చినప్పుడు తప్పెవరిదని విచారించే బదులు ఇదే ప్రశ్న అడిగి చూడండి.

చిన్నమ్మాయికి మాత్రం వేరే కథలు కావాలి. "యోగా బాల్"లో తండ్రి మోటు సరసం బింగోకు మించిపోతుంది. అక్కకు సరిపోయినంత దూకుడు తనకు సరిపోదు, కానీ ఆ మాట చెప్పడం ఆమెకు రాదు. తల్లి ఆమెకు గట్టిగా మొరగడం నేర్పుతుంది. వినడానికి చిన్న సంగతే, కానీ చాలాకాలంగా అక్క వెనుక నడిచే పిల్లలకు "చాలు" అన్న మాట గొంతు దాటి రావడానికి అభ్యాసం కావాలి. "డాన్స్ మోడ్"లో విషయం ఇంకా సున్నితం. బింగో దాచుకున్న చివరి చిప్‌ను తండ్రి తినేస్తాడు, దానికి పరిహారంగా ఆమెకు కొన్ని డాన్సు అవకాశాలు దక్కుతాయి. వాటిని కూడా ఇంట్లో వాళ్లు తమ అవసరాలకు తగ్గట్టుగా ఆమె చేత "సరే" అనిపించి ఖర్చు చేయిస్తారు. పైకి సరే అన్నా లోపల వద్దనే ఉందని చివరికి బయటపడుతుంది. మీ చిన్నమ్మాయి అక్క చెప్పినట్లల్లా తల ఊపే రకమైతే, ఆ కథను ముందుగా మీరిద్దరూ చూడండి.

సమయం గురించి కూడా చెప్పాలి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు గడిపే సమయం రోజుకు గంట దాటకూడదు, తగ్గితే ఇంకా మంచిది. ఏడు నిమిషాల కథలో ఆగడానికి సహజమైన చోటు ఉంటుంది. ఒకటి చూసి, టీవీ కట్టేసి, ఆ ఆటే ఆడించడం మా కేంద్రంలో మేము తల్లిదండ్రులకు చెప్పే పద్ధతి. తర్వాతి కథ తనంతట తానే మొదలయ్యే సదుపాయాన్ని సెట్టింగ్స్‌లో ఆపివేయండి. ఆ ఒక్క పనితో సగం పోరు తగ్గుతుంది.


జవాబు: గోదారి అమ్మమ్మ

అమ్మాయీ, మీ అత్తగారి మాట చదివి నవ్వు వచ్చింది, ఎందుకంటే ఆవిడ వయసుకు దగ్గరగా నేనూ ఉన్నాను, మా అబ్బాయి ఇంట్లో నేనూ మొదట అదే అన్నాను. కానీ ఒక సంగతి ఆలోచించమని ఆవిడకు నా మాటగా చెప్పు. మన ఇళ్లలో మగవాళ్లు పిల్లలతో ఆడలేదా? ఉప్పు మూట మోయని తాత ఉన్నాడా? బయట అరుగు మీద గంభీరంగా కూర్చున్నాయన లోపల పడకగదిలో మోకాళ్ల మీద గుర్రమై తిరిగేవాడు. తేడా ఏమిటంటే ఆ ఆట నలుగురూ చూసేది కాదు. ఈ బొమ్మల కథ దాన్ని వీధిలో పెట్టింది, అంతే.

నాకు ఇందులో నచ్చింది చిన్నపిల్ల బింగోను నడిపిన తీరు. మేము వీధిలో ఆడుకునే రోజుల్లో వెంటబడి వచ్చిన చెల్లెళ్లను ఆటలో అరటిపండును చేసేవాళ్లం. అది అవుటైనా అవుటు కాదు, దొంగ కాదు, గెలవదు, ఓడదు. ఊరికే పరుగెడుతూ ఉంటుంది. అప్పట్లో అది దయ అనుకున్నాం. నేను చూసినంతలో బింగో ఒక్క కథలోనూ అరటిపండు కాలేదు. ఆమె మాటకు ఆటలో బరువు ఉంటుంది, ఆమె అలిగితే ఆట నిజంగా ఆగుతుంది. మీ పెద్దది చెల్లెల్ని తొండి అంటోందని రాశావు. తొండి అందంటే చెల్లెల్ని ఆటలో లెక్కలోకి తీసుకున్నట్లే కదా, అది మంచి లక్షణమే. ఇక వంతు ఇవ్వడమే మిగిలింది.

"షాడోల్యాండ్స్" అని ఇంకో కథ ఉంది, మీ అత్తగారికి అది చూపించు. నీడ ఉన్నచోటే కాలు పెట్టాలి, ఎండలో పెడితే అవుట్. మన నేలా బండా ఆటకు ఇది చుట్టమే. ఆటలో కోకో అనే స్నేహితురాలు దాటడం కష్టమైన ప్రతిచోటా నియమం మారుద్దామంటుంది, బ్లూయీ ఒప్పుకోదు. నియమం కష్టంగా ఉంటేనే ఆటకు రుచి అని ఆ పిల్లలకు ఆడుతూ ఉండగానే తెలుస్తుంది. వంతు వచ్చేసరికి ఆట మార్చే మీ పెద్దదానికి కూడా ఇది పనికివస్తుందేమో చూడు.


జవాబు: గీతల మేస్త్రి

నేను హైదరాబాద్‌లో యానిమేషన్ రంగంలో పనిచేస్తున్నాను. పలక బలపం గారు చెప్పిన "గొడవ కనిపిస్తుంది, రాజీ కనిపించదు" అన్న మాటను మా పని వైపునుంచి కొంచెం పొడిగిస్తాను.

ఈ ధారావాహికను సృష్టించిన జో బ్రమ్ బ్రిస్బేన్ వాసి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. అంతకుముందు ఆయన ఇంగ్లండులో ఉండగా "చార్లీ అండ్ లోలా" అనే ధారావాహికకు యానిమేటర్‌గా పనిచేశారు. అది కూడా ఒక అన్న, ఒక చెల్లెలి కథే కావడం గమనించదగ్గది. స్వదేశానికి తిరిగివచ్చాక బ్రిస్బేన్‌లోని లూడో స్టూడియోతో కలిసి, ఏబీసీ, బీబీసీ స్టూడియోస్ సంస్థల మద్దతుతో బ్లూయీని తయారు చేశారు. పశువులను కాసే బ్లూ హీలర్ జాతి కుక్కను ఎంచుకోవడంలో ఆస్ట్రేలియాతనం ఉంది, యానిమేటర్‌కు కావలసిన సౌలభ్యం కూడా ఉంది. చెవులు, తోక, కనుబొమ్మల మచ్చలు మనసును చెప్పడానికి అదనపు సాధనాలు. బింగో బాధపడినప్పుడు ఆమె మాట్లాడదు, కాసేపు చెవులు వాలిపోతాయి. నేల మీద పడిన మీ చిన్నమ్మాయి మీదనుంచి మీ కళ్లు తీసే లోపల ఆ క్షణం దాటిపోతుంది. అందుకే కథను మళ్లీ చూసినప్పుడు మరొకటి కనిపిస్తుంది. పిల్లలు ఒకే కథను పదేపదే అడగడాన్ని విసుక్కోకండి, మొదటిసారి వాళ్లు చూసింది బహుశా పరుగులు మాత్రమే.

పిల్లలు మళ్లీ మళ్లీ చూడటం ఎంతగా ఉంటుందో అమెరికా లెక్కలు చెబుతాయి. 2024లో అక్కడ ఇంటర్నెట్ వేదికలలో అన్నిటికన్నా ఎక్కువసేపు చూసిన కార్యక్రమం ఇదేనని నీల్సన్ సంస్థ ప్రకటించింది. మొత్తం 5,562 కోట్ల నిమిషాలు. మూడు సీజన్లలో కలిపి ఉన్నవి 150కి కొంచెం పైచిలుకు కథలే కనుక, ఇందులో ఎక్కువభాగం చూసిందే చూడటం అయి ఉండాలి.

సంగీతం విషయంలో వీళ్లు చేసే ఖర్చు మా రంగంలో అసూయ కలిగిస్తుంది. పిల్లల ధారావాహికలకు సాధారణంగా నాలుగైదు బాణీలు తయారు చేసి అన్ని భాగాలకూ అతికిస్తారు. ఇక్కడ జోఫ్ బుష్ నాయకత్వంలోని సంగీత బృందం ప్రతి కథకూ విడిగా సంగీతం కూర్చుతుంది. "బైక్" కథలో సైకిలు తొక్కడం రాక బ్లూయీ అలిగి కూర్చుంటుంది. ఎదురుగా పార్కులో బింగో తనకు అందని నీటి కుళాయితో, స్నేహితులు తమ తమ ఇబ్బందులతో తంటాలు పడుతుంటారు. వెనుక బీథోవెన్ తొమ్మిదవ సింఫనీలోని ప్రసిద్ధమైన బాణీ మెల్లగా మొదలై, ఒక్కొక్కరూ సాధించేకొద్దీ పెరుగుతుంది. చెల్లెల్ని చూసి అక్క నేర్చుకునే అరుదైన కథ ఇది, మీ పెద్దమ్మాయికి తప్పక చూపించండి. "స్లీపీటైమ్"లో బింగో తన మంచం మీద తానే ఒంటరిగా నిద్రపోవాలనుకుంటుంది. ఆమె కలంతా గ్రహాల మధ్య సాగుతుంది, హోల్స్ట్ రాసిన "జూపిటర్" వినిపిస్తుంది, సూర్యుడి వెచ్చదనంలో తల్లి ఉంటుంది. మాటలు చాలా తక్కువ కాబట్టి మూడున్నరేళ్ల పిల్లకు భాష అడ్డు రాదు.

ఇంకొక వివరం. పిల్లల పాత్రలకు గొంతు ఇచ్చిన పిల్లల పేర్లను తెర మీద వేయరు. వారిలో చాలామంది ఆ ధారావాహికకు పనిచేసేవారి పిల్లలే. పెద్దలు చిన్నపిల్లల గొంతును అనుకరిస్తే వచ్చే కృత్రిమత్వం అందుకే లేదు. మాట మధ్యలో ఊపిరి తీసుకోవడం, పదాలు తడబడటం అలాగే ఉంచారు. మీ పిల్లలు అంత త్వరగా అనుకరించడానికి ఇది కూడా కారణం కావచ్చునని నా ఊహ. తమలాంటి గొంతే తెర మీద వినిపిస్తుంటే అనుకరించడం ఎంతసేపు?

మన హైదరాబాద్‌లోనే తయారై 2008 నుంచి పోగో ఛానెల్‌లో వస్తున్న "చోటా భీమ్" దేశమంతా చేరింది. అయినా మన పిల్లల బొమ్మల కథలలో వీరులు, రాక్షసులు ఎక్కువ. ఒక మామూలు ఇంటి హాల్లో అక్కాచెల్లెళ్లు వంతు కోసం కొట్టుకోవడమే కథగా సరిపోతుందని నమ్మే నిర్మాత నాకైతే ఇంకా తారసపడలేదు.


జవాబు: ఇందూరు నాన్న

నేను కొంచెం ఎదురు చెబుతాను, మన్నించండి. ధారావాహిక బాగుందని ఒప్పుకుంటూనే, దీన్ని తల్లిదండ్రుల పాఠ్యపుస్తకంగా మార్చడం మీద నాకు అభ్యంతరం ఉంది.

మొదటిది, బాండిట్ లాంటి తండ్రికి ఉన్న తీరిక. పిల్లలు పిలిచిన క్షణానికి పని వదిలి నేలమీద పడిపోయే మనిషిని ఏడు నిమిషాలు చూపించడం సులభం. మిగిలిన ఇరవైమూడు గంటల యాభైమూడు నిమిషాలలో ఆ ఇంట్లో బట్టలు ఎవరు ఉతికారో, మందులు ఎవరు తెచ్చారో కథకు అక్కరలేదు. మా ఇంట్లో నేను రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే, "బ్లూయీ వాళ్ల నాన్న ఆడతాడు" అని మా అబ్బాయి తలుపు దగ్గర నిలబడతాడు. తప్పు చేసినవాడిలా అనిపిస్తుంది, నిజానికి నేను చేసిన తప్పేమీ లేదు.

రెండవది, పెద్దల కోసం పెట్టిన పక్క సంభాషణలు పిల్లల చెవిన పడతాయి. 2023లో "ఎక్సర్‌సైజ్" అనే కథ వచ్చినప్పుడు, తల్లిదండ్రులు బరువు చూసుకుని తమ శరీరాల గురించి నిట్టూర్చే దృశ్యం మీద విమర్శలు వచ్చాయి. ఆ దృశ్యాన్ని తర్వాత తొలగించి మళ్లీ ప్రసారం చేశారు. అంటే పిల్లలు కథ సారాంశాన్నే కాక దారిలో పడిన మాటలను కూడా ఏరుకుంటారని తయారుచేసినవారే అంగీకరించినట్లు నేను అర్థం చేసుకున్నాను. తెనాలి కోడలు గారి పళ్లెం, గరిటెల సమస్య కూడా అదే జాతికి చెందినది.

మూడున్నరేళ్ల పిల్లకు నిజంగా అందేది, నా ఉద్దేశంలో, ఇంకా సరళమైన కథ. 2004లో బ్రిటన్‌లో మొదలైన "పెప్పా పిగ్"లో అక్క పెప్పా, తమ్ముడు జార్జ్ ఉంటారు. ఐదు నిమిషాలే, ఒక కథకు ఒకే సంఘటన, బొమ్మలు గీసిన తీరు కూడా పిల్లలు గీసినట్లే. జార్జ్ మాట్లాడేది ఒకటి రెండు పదాలు. మా వాడికి అది ముందు అర్థమైంది, బ్లూయీ తర్వాత. కానీ తండ్రిని వెక్కిరించడం గురించి మీ అత్తయ్యగారికి అభ్యంతరముంటే అక్కడ ఇంకా ఎక్కువ ఉంటుంది, ఆ పంది నాన్న పొట్ట మీద వేసే జోకులకు అంతు లేదు. బాండిట్ అలసిపోయినా మర్యాద పోగొట్టుకోడు, అది మాత్రం నిజం.

ఎదురు చెప్పి వెళ్లిపోతే బాగుండదు కనుక నాకు బాగా నచ్చిన కథ కూడా చెబుతాను. "క్రికెట్" చూడండి. రస్టీ అనే పిల్లవాడిని పెద్దవాళ్లు ఎంత వేసినా అవుట్ చేయలేరు. వాడికి ఆ ఆట ఎలా అబ్బిందో, అన్న స్నేహితుల వేగమైన బంతులకు ఎలా భయపడి ఎలా నిలబడ్డాడో, సైన్యంలో ఉన్న తండ్రి ఉత్తరం ఏం చెప్పిందో బాండిట్ చెబుతుంటాడు. చివరికి వాడు ఎవరికీ దొరకని బ్యాటుతో తన చిట్టి చెల్లెలికి తేలికైన క్యాచ్ కావాలనే ఇస్తాడు. గెలవగలిగి కూడా ఓడిపోవడమెలాగో ఉపన్యాసం లేకుండా చూపించారు. క్రికెట్ పిచ్చి ఉన్న మన ఇళ్లలో ఈ కథకు వ్యాఖ్యానం అవసరం లేదు.


జవాబు: పలక బలపం

ఇందూరు నాన్న గారూ, మీ అలసట అర్థమవుతుంది. "షీప్‌డాగ్" అనే కథ మీరు చూశారో లేదో. అందులో తల్లి చిల్లీ తనకు ఇరవై నిమిషాలపాటు ఎవరూ దగ్గరకు రాకుండా ఉంటే చాలని చెప్పి పక్కకు వెళుతుంది. అమ్మకు తన మీద కోపం వచ్చిందేమోనని బ్లూయీ బెంగపడుతుంది, కోపానికీ అలసటకూ తేడా ఉందని మెల్లగా తెలుసుకుంటుంది. మీ అబ్బాయి తలుపు దగ్గర నిలబడే ముందు ఒకసారి ఆ కథ చూపించి, "నాన్నకు ఇప్పుడు ఆ ఇరవై నిమిషాలు" అని చెప్పవచ్చు. మీ రాత్రి షిఫ్టుకు ఇరవై నిమిషాలు చాలవని తెలుసు, కానీ మాట ఒకటి దొరుకుతుంది. ఇక పెప్పా విషయంలో మీరన్నది సబబే, మూడేళ్లకు అది అందినంత సులభంగా ఇది అందదు.


ప్రశ్న అడిగినవారు: తెనాలి కోడలు

అందరికీ కృతజ్ఞతలు. "గ్రానీస్", "బైక్", "యోగా బాల్", "క్రికెట్" కథలను పక్కకు పెట్టుకున్నాను, ఇకనుంచి వరుసగా వచ్చినవన్నీ కాకుండా ఎంచినవే చూపిస్తాను. ఇంకా రెండు చిన్న సందేహాలు మిగిలాయి. మా అత్తయ్యగారికి ఆస్ట్రేలియా యాస ఏమాత్రం అందదు, అందువల్ల పిల్లల పక్కన కూర్చున్నా ప్రశ్నలు అడగలేరు. పగటిపూట పిల్లలతో ఉండేది ఆవిడే కనుక దీనికి దారేమైనా ఉందా? రెండవది, మావారి ఉద్యోగం మారడం వల్ల ఇక్కడి ఇల్లు అమ్మి అడిలైడ్ వెళుతున్నాం. ఇల్లు మారడం మీద బ్లూయీలో ఒక పెద్ద కథ ఉందని విన్నాను. అది పెద్దదానికి ధైర్యం చెబుతుందా?


జవాబు: పలక బలపం

మొదటి సందేహానికి "క్యాంపింగ్" సరిపోతుంది. విడిదిలో బ్లూయీకి జాన్‌లూక్ అనే పిల్లవాడు పరిచయమవుతాడు. అతను మాట్లాడేది ఫ్రెంచి, ఆమెకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఇద్దరూ కలిసి గూడు కట్టుకుంటారు, విత్తనం నాటుతారు. మీ అత్తయ్యగారికి, పిల్లలకు అర్థమయ్యేది అక్కడ సమానం. ఆవిడ తెలుగులోనే "వాడేమన్నాడే?" అని అడిగితే మీ పెద్దమ్మాయి ఊహించి చెప్పవలసి వస్తుంది, నేను మొదట చెప్పిన ప్రశ్నల పని అలా జరిగిపోతుంది. మిగతా కథలకు కూడా ఇదే పద్ధతి. ఇంగ్లిషు తెలియని పెద్దావిడకు కథ చెప్పడమనే బాధ్యతను పెద్దమ్మాయికి అప్పగించండి. చెల్లెల్ని ఆజ్ఞాపించే తహతహ కొంత అటు మళ్లుతుంది.

రెండవ కథ గురించి జాగ్రత్త చెప్పాలి. మీరు విన్నది "ది సైన్". 2024 ఏప్రిల్ 14న వచ్చిన 28 నిమిషాల ప్రత్యేక కథ, అంటే మీ చిన్నమ్మాయికి మామూలుగా చూపించే కథకు నాలుగింతల పొడవు. బాండిట్‌కు వేరే నగరంలో ఉద్యోగం వస్తుంది, ఇంటి ముందు అమ్మకం బోర్డు పాతుతారు, బ్లూయీ ఆ ఇల్లు వదలలేక విలవిలలాడుతుంది. చాలా చక్కగా తీశారు, నాకూ కళ్లు చెమర్చాయి. కానీ చివరికి వాళ్లు ఇల్లు మారరు. బాండిట్ మనసు మార్చుకుని ఆ బోర్డును నేలలోనుంచి పీకేస్తాడు. కథగా అది గొప్ప ముగింపు కావచ్చు, నిజంగా ఇల్లు మారబోతున్న ఆరేళ్ల పిల్లకు మాత్రం అది దొంగ ఆశ. గట్టిగా ఏడిస్తే నాన్న బోర్డు పీకేస్తాడని అనుకునే ప్రమాదం ఉంది. అందువల్ల మీరు అడిలైడ్‌లో సర్దుకుని, పెద్దమ్మాయికి కొత్త బడిలో ఒక స్నేహితురాలు దొరికే దాకా ఆ కథను పక్కన పెట్టండి. ఈ లోపల అది ఎవరింట్లోనైనా చూసి వస్తే, మన బోర్డును నాన్న పీకరని మీరే ముందుగా స్పష్టంగా చెప్పండి.